ఆశా ఫోనుకు అవతల ఎవరున్నారు?

ఏజెన్సీలో పనిచేసే ఆశా కార్యకర్త ఫోను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. తెర మీద పగులు ఉంటుంది. వెనక కవరులో రేషను కార్డు జిరాక్సో, పది రూపాయల నోటో మడిచిపెట్టి ఉంటుంది. లోపల గర్భిణుల వివరాలకు ఒక యాప్, టీకాలకు ఒకటి, బి.పి., షుగరు సర్వేకు ఒకటి, హాజరుకు మరొకటి. ఇవి కాక వాట్సాప్‌లో పి.హెచ్.సి. గ్రూపు, మండలం గ్రూపు, మలేరియా గ్రూపు, ఎప్పుడో జరిగిన శిక్షణ తాలూకు గ్రూపు. అన్నింట్లోనూ ఆమెను ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు. ఎంతమందిని చూశావు? ఫొటో పెట్టావా? ఇంకా ఎన్ని పెండింగు? ఆమె అడిగినదానికి జవాబు చెప్పే గ్రూపు ఏదని వెతికితే మాత్రం చాలాసార్లు దొరకదు.

నేను పాడేరు వైపు కొండల్లో ఏ.ఎన్.ఎం.గా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. చీటీల కాలం చూశాను, వాట్సాప్ కాలమూ చూశాను. మారుమూల ఊళ్లలోని ఆరోగ్య సిబ్బందిని ఫోన్లతో, వీడియోలతో కలపడం గురించి ఈమధ్య సభల్లో గొప్పగా మాట్లాడుతున్నారు. టవరు ఎత్తు, ట్యాబు ధర, సాఫ్ట్‌వేరు పేరు అన్నీ చెబుతారు. నాకు మాత్రం తేల్చుకోవాల్సింది ఒకటే అనిపిస్తుంది. ఆశా ఫోను చేస్తే అవతల పలికే మనిషి ఉన్నాడా, లేడా?

చీటీల కాలం అన్నాను కదా. అప్పట్లో సబ్‌సెంటరంటే ఒక గది, ఒక బల్ల, ఒక ఏ.ఎన్.ఎం. డాక్టరుగారిని ఏదైనా అడగాలంటే కాగితం మీద రాసి, సంతకు దిగేవాళ్ల చేతికిచ్చి పంపేదాన్ని. సంత వారానికొకటి. వాన పడకుండా ఉండి, చీటీ తడవకుండా చేరి, ఆ రోజు డాక్టరుగారు ఊళ్లో ఉంటే మందుల పొట్లంతో పాటు ఆ చీటీ వెనకే జవాబు రాసి పంపేవారు. అది నా చేతికి వచ్చేసరికి జ్వరం దానంతటదే తగ్గిపోయేది, లేదంటే జవాబుతో పని ఉండేది కాదు. కొండలెక్కి దిగడం పెద్ద కష్టమేమీ కాదు, కాళ్లు అలవాటు పడతాయి. రాత్రిపూట ఒక కాన్పు ఎదురుగా పెట్టుకుని, చేస్తున్నది సరైనదేనా అని అడగడానికి మనిషి లేకపోవడం ఉందే, దానికి అలవాటు పడటం మాత్రం నావల్ల కాలేదు. బదిలీ పెట్టుకుని మైదానానికి వెళ్లిపోయిన నా తోటివాళ్లలో చాలామంది జీతం చాలక వెళ్లలేదు. అడిగే దిక్కు లేక వెళ్లారు.

ఇప్పుడు ఏం మారిందో ఒక్క సంగతి చెబితే తెలుస్తుంది. వానాకాలం, పొద్దుగూకాక, ఆశాల ప్రశ్నలకని మేం నడిపిన వాట్సాప్ గ్రూపులో ఒక ఆశా గొంతు మెసేజీ. “మేడమ్, పిల్లోడు డొక్కలెగరేస్తన్నాడు. పాలు పట్టుకుంటన్నాడు, మధ్యలో వదిలేస్తన్నాడు.” తొమ్మిది నెలల బిడ్డ. పి.హెచ్.సి. డాక్టరమ్మ వెంటనే రాసింది: “చొక్కా తీసెయ్. ఏడవకుండా ఉన్నప్పుడు పొట్టా రొమ్మూ కనపడేట్టు ఒక నిమిషం వీడియో తియ్యి. నిమిషం పూర్తిగా ఉండాలి.” మొదటి వీడియోలో సగం తల్లి చెయ్యే. రెండోది సరిగ్గా వచ్చింది. తల్లి ఒళ్లో పిల్లాడు, పక్కనెవరో పట్టుకున్న టార్చిలైటు, వెనక రేకుల మీద వాన చప్పుడు. నేనూ లెక్కపెట్టాను. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తుంటే అది వేగం కింద లెక్క. వీడు 60 దాటాడు. పైగా ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. న్యుమోనియాయేనని డాక్టరమ్మ అప్పటికప్పుడే తేల్చింది. “వెచ్చగా కప్పండి. తాగినంత పాలు పడుతూ బయల్దేరండి. సబ్‌సెంటరు దగ్గర ఆగి మొదటి మోతాదు మందు వేయించుకుని రండి. ఊళ్లో బైకు ఎవరికుంది?” బైకు దొరికింది, పిల్లాడు కోలుకున్నాడు.

ఇందులో ఫోను పని చాలా చిన్నది. రోగాన్ని కనిపెట్టింది ఆశా, నిర్ణయం చెప్పింది డాక్టరమ్మ, మోసుకొచ్చింది బైకు. కానీ ఆ వీడియోను గ్రూపులోని మిగతా ఆశాలంతా చూశారు. ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, రెండు నెలల లోపు పసికందుకు 60 అని శిక్షణలో అందరూ చదివినవే. పుస్తకంలో చదివిన డొక్కలెగరేయడం వేరు, కళ్లతో చూసింది వేరు. ఆ తర్వాత వచ్చిన మెసేజీల్లో “ఊపిరి 54, డొక్క గుంజడం లేదు” అని వాళ్లే లెక్కపెట్టి రాయడం మొదలైంది. నేను ఎన్నో శిక్షణలు ఇచ్చాను. భోజనం పెట్టి, బ్యాగు ఇచ్చి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టిన శిక్షణల్లో ఇంత పని జరగడం చూడలేదు.

అంకెలు చెప్పనివి ఫొటోలు చెబుతాయని కూడా ఆ గ్రూపులోనే చూశాను. చింతపల్లి వైపు చలికాలం ఎలా ఉంటుందో లంబసింగి వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు. ఒక గర్భిణికి బి.పి. 150/100 అని రాసి, మిషను ఫొటో కూడా పెట్టింది ఒకామె. ఆ అంకెలు యాప్‌లో ఎక్కితే ఆ పిల్ల హైరిస్కు జాబితాలో పడిపోయేది. ఫొటో చూసి డాక్టరమ్మ అడిగింది: “స్వెటరు మీద కట్టావేంటమ్మా?” నిజమే, కఫ్ మందపాటి ఊలు స్వెటరు మీద ఉంది, చెయ్యి కిందికి వేలాడుతోంది. స్వెటరు తీయించి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి మళ్లీ చూస్తే 124/80. దీనికి తిట్లు పడలేదు. “ఇంకెవరైనా స్వెటర్ల మీద కడుతున్నారా?” అని డాక్టరమ్మ అడిగితే ముగ్గురు నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు. తప్పు చెప్పుకుంటే మెమో వస్తుందన్న భయం ఉంటే ఆ బొమ్మలు వచ్చేవా?

ఇదంతా మన దగ్గరే పుట్టిన తెలివి అనుకోకండి. ఫోన్లలో ఇంటర్నెట్ అన్నదే ఎరగని రోజుల్లో, 1990ల తొలినాళ్లలో, బెర్నార్డ్ లౌన్ అనే అమెరికా గుండె డాక్టరు ఆఫ్రికా ఆస్పత్రుల కోసం ఉపగ్రహాన్నే వాడారు. అణుయుద్ధానికి వ్యతిరేకంగా డాక్టర్లను కూడగట్టిన సంస్థకు 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది, దాన్ని స్థాపించిన వాళ్లలో ఆయన ఒకరు. ఆయన పెట్టిన శాటెలైఫ్ సంస్థ ఉపగ్రహం తక్కువ ఎత్తులో తిరుగుతూ రోజుకు కొన్నిసార్లే నెత్తిమీదుగా పోయేది. ఆ కాసేపట్లోనే కింద ఆస్పత్రి కంప్యూటరు తన ఉత్తరాలు పైకి పంపి, వచ్చినవి దించుకోవాలి. ఫోను లైను కూడా సరిగా లేని చోట డాక్టర్లు వైద్య పత్రికల సారాంశాలు చదివింది అలాగే. మా సంత చీటీ కన్నా మెరుగే గానీ, అదీ డాక్టర్ల దాకానే వెళ్లింది. ఊళ్లో తిరిగే కార్యకర్త దాకా రాలేదు.

అక్కడి దాకా తెచ్చింది చవక ఫోను. ఆఫ్రికాలోని మలావీ దేశంలో నమితెతె అనే చోట సెయింట్ గాబ్రియేల్స్ ఆస్పత్రి ఉంది. చుట్టుపక్కల రెండున్నర లక్షల మందికి అదే దిక్కు. క్షయ రోగులు మందు మింగుతున్నారో లేదో చూసేందుకు ఊరూరా కార్యకర్తలు ఉండేవారు. ఆ కబురు ఆస్పత్రికి చేర్చాలంటే నడిచి రావడమే. 2008లో జోష్ నెస్బిట్ అనే కాలేజీ కుర్రాడు పాత ఫోన్లు తీసుకెళ్లి సుమారు 75 మంది కార్యకర్తలకు పంచాడు. ఆస్పత్రిలో ఒక లాప్‌టాప్, దానికి ఫ్రంట్‌లైన్ ఎస్ఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఇంటర్నెట్ అక్కర్లేదు, మామూలు మెసేజీ చాలు. “ఫలానా రోగి రక్తం కక్కుతున్నాడు”, “మందులు అయిపోయాయి” అని వస్తే ఆస్పత్రి నుంచి జవాబు వెళ్లేది, అవసరమైతే మోటారు సైకిలు మీద నర్సే వెళ్లేది. ఆరు నెలల్లో ఆస్పత్రికి పెట్రోలు ఖర్చే సుమారు 3,000 డాలర్లు మిగిలింది, అదే సిబ్బందితో రెండింతల మంది క్షయ రోగులను చూడగలిగారు. ఇందులో నాకు నచ్చింది లాప్‌టాప్ కాదు, దాని ముందు కూర్చుని బదులివ్వడాన్ని ఉద్యోగంగా చేసిన మనిషి.

ఇలా దూరం నుంచి బదులివ్వడాన్ని అంతకుముందే ఒక పద్ధతిగా మలిచింది సంజీవ్ అరోరా. భారత సంతతి కాలేయ వైద్యుడు, అమెరికాలో న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో పనిచేస్తారు. అమెరికా అనగానే మనకు పెద్ద పెద్ద ఆస్పత్రులే కళ్ల ముందు మెదులుతాయి. న్యూమెక్సికోలో మాత్రం ఊళ్లు ఎడారిలో ఎక్కడెక్కడో విసిరేసినట్టు ఉంటాయి. హెపటైటిస్ సి రోగి ఆయన్ను కలవాలంటే ఎనిమిది నెలలు ఆగాలి, కొందరైతే 250 మైళ్లు ప్రయాణం చేయాలి. అప్పటి మందులు ఏడాది పాటు వాడాల్సి వచ్చేవి, వికటించేవి. అందుకే ఊరి డాక్టర్లు ముట్టుకోవడానికే భయపడేవారు. 2003లో ఆయన ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. వారానికోసారి ఊరి క్లినిక్కుల, జైళ్ల డాక్టర్లు, నర్సులు వీడియోలో కూర్చుంటారు. ఒక్కొక్కరు తమ రోగి సంగతి వివరిస్తారు. పెద్దాస్పత్రి నిపుణులు సలహా చెబుతారు, మిగతావాళ్లంతా వింటారు. ఇవాళ ఒక ఊరి రోగి గురించి విన్నది రేపు ఇంకో ఊళ్లో పనికొస్తుంది. 407 మంది రోగులను పోల్చి చూసి 2011లో ఫలితాలు ప్రచురించారు. పెద్దాస్పత్రిలో నయమైనవాళ్లు 57.5 శాతం, ఊరి క్లినిక్కుల్లో, జైళ్లలో నయమైనవాళ్లు 58.2 శాతం. పెద్ద డాక్టరు స్వయంగా చూస్తే ఎంత నయమవుతుందో, ఆయన దగ్గర నేర్చుకున్న ఊరి డాక్టరు చూసినా అంతే నయమవుతుందని తేలింది. బెంగళూరు నిమ్హాన్స్ ఇదే పద్ధతిలో జిల్లాల డాక్టర్లకు మానసిక వైద్యంలో చెయ్యందిస్తోంది.

టెలిమెడిసిన్‌కూ ఈ పద్ధతికీ తేడా ఆ నేర్పడంలోనే ఉంది. మన తెలుగు నేలకు టెలిమెడిసిన్ కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు పెట్టిన కేంద్రాన్ని 2000 మార్చి 24న హైదరాబాద్ వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారు. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-సంజీవని అనే టెలిమెడిసిన్ సేవ తెచ్చినప్పుడు వెల్‌నెస్ సెంటర్లలో మొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశే. ఊరి క్లినిక్కులో ఉండే ఎం.ఎల్.హెచ్.పి. (మిడ్‌లెవెల్ హెల్త్ ప్రొవైడరు) రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, హబ్‌లో ఉన్న డాక్టరుకు చూపించి మందు ఇస్తుంది. మంచిదే, రోగికి బస్సు చార్జీ మిగిలింది. కానీ చాలాసార్లు ఆ అమ్మాయి వీడియో పట్టుకుని నిలబడే మనిషిగానే మిగిలిపోతుంది. “ఈ మందు ఎందుకిస్తున్నానంటే” అని ఆమెకు ఒక్క ముక్క చెప్పే డాక్టరు దొరికితే, ఆర్నెల్లలో సగం కేసులకు ఫోనే చేయదు. అలాంటి డాక్టర్లు ఉన్నారు, లేరనను. అయితే ఆ ముక్క చెప్పడానికి లెక్కల్లో గడి లేదు. ఎన్ని కాల్స్ అయ్యాయో అడుగుతారు, ఎంత నేర్పారో అడగరు.

ఇక భాష సంగతి. మా వైపు ఆశాల్లో కొందరికి కువి ఇంటిభాష, కొందరికి ఆదివాసీ ఒడియా. తెలుగు మాట్లాడతారు, రాయమంటే చెమటలు పడతాయి. గొంతు మెసేజీ వచ్చాకే వాళ్లు గ్రూపులో నోరు తెరిచారు. బీహార్‌లో బి.బి.సి. మీడియా యాక్షన్ వాళ్లు ఈ కిటుకు ముందే పట్టుకున్నారు. 2012లో మొదలైన వాళ్ల మొబైల్ అకాడమీ మొత్తం గొంతే. ఆశా తన మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు చేస్తే డాక్టర్ అనిత అనే కల్పిత పాత్ర పాఠం చెబుతుంది, మధ్యలో ప్రశ్నలు అడుగుతుంది. వంట చేసుకుంటూ వినొచ్చు, సగంలో ఆపి రేపు వినొచ్చు. తర్వాత దాన్ని వేరే రాష్ట్రాలకూ విస్తరించారు. చదువు తక్కువ ఉన్న ఆశాకు ట్యాబులో నలభై గడుల ఫారం ఇచ్చేవాళ్లు ఆ పాఠం ఒకసారి వింటే బాగుండు.

సిగ్నలు మాటకొస్తే, మునుపటి కన్నా చాలా నయం. 4జీ అందని 24,680 గ్రామాలకు దాన్ని చేర్చేందుకు కేంద్రం 2022లో 26,316 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. అయినా ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఫలానా చింతచెట్టు కిందే గీతలు వస్తాయి. అక్కడ సిగ్నలు లేనప్పుడు కూడా దాచుకుని, దొరగ్గానే పంపే ఏర్పాటు లేని యాప్ పెట్టడం అన్యాయం. నాకు తెలిసిన ఒక ఆశా పగలంతా ఇళ్లు తిరిగి, చీకటి పడ్డాక అవన్నీ ఎక్కించడానికి ఆ చెట్టు కిందికి పోయేది. పైగా అదే సమాచారం పుస్తకంలోనూ రాయాలి. ట్యాబు వస్తే రిజిస్టర్లు పోతాయన్నారు. ట్యాబు వచ్చింది, రిజిస్టర్లు ఉన్నాయి. ఆమె పంపిన అంకెలు ఎటు పోతాయో ఆమెకు తెలియదు. బావిలో రాయి వేస్తే కనీసం చప్పుడైనా వినపడుతుంది.

మా గ్రూపు నడిచినన్నాళ్లు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. గుడ్‌మార్నింగ్ పువ్వులు, దేవుడి బొమ్మలు వేరే గ్రూపులో. రోగి ముఖం, పేరు కనపడకూడదు. ఈ రెండోదానికి నేను చాలా పట్టుబట్టేదాన్ని. పెళ్లికాని పిల్ల గర్భం సంగతో, ఒకరి క్షయ రిపోర్టో ఫార్వర్డయిందంటే సాయంత్రానికల్లా సంతలో చెప్పుకుంటారు. మనుషుల వివరాలు కాపాడాలని 2023లో చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా ఇది మన వృత్తిధర్మం. ఇంకో కట్టుబాటు, రిపోర్టులు అడిగేవాళ్లు ఈ గ్రూపులో అడగకూడదు. పై ఆఫీసు నుంచి ఎవరో చేరి “మీ మండలం ఎందుకు వెనకబడింది” అని పెట్టిన రోజు నుంచి వారం దాకా ఒక్క ఆశా కూడా ప్రశ్న అడగలేదు. ఆయన్ను మర్యాదగానే వేరే గ్రూపుకు పంపించాం.

కెన్యాలో నైరోబీ మురికివాడ కిబెరాలోనూ, మకువేని అనే పల్లె ప్రాంతంలోనూ కార్యకర్తలు వాట్సాప్ ఎలా వాడారో చూసి 2016లో ఒక అధ్యయనం వెలువరించారు. పర్యవేక్షణతో పాటు, ఒకరి పని ఒకరు చూసి మెచ్చుకోవడం, ధైర్యం చెప్పుకోవడం అక్కడా కనిపించింది. చదివి నవ్వుకున్నాను. మా దగ్గర ఇంటి దగ్గర కాన్పు తప్పించి ఆస్పత్రికి చేర్చిన ప్రతిసారీ బిడ్డ బరువు గ్రూపులో పెట్టేవాళ్లు. రెండు కిలోల తొమ్మిది వందలని చూడగానే చప్పట్ల బొమ్మల వరద. డోలీలో మోసుకొచ్చిన కాన్పయితే ఆ చప్పట్లు ఇంకా ఎక్కువ.

అన్నీ చెప్పి ఒక నిజం దాచకూడదు. మా గ్రూపు బతికింది ఆ డాక్టరమ్మ వల్ల. రాత్రి తొమ్మిదింటికి కూడా ఆమె జవాబిచ్చేది, దానికి ఆమెకు ఎవరూ పైసా ఇవ్వలేదు. పి.జి. సీటు వచ్చి ఆమె వెళ్లిపోయింది. గ్రూపు ఉంది, అందులో అందరం ఉన్నాం. ప్రశ్నలు తగ్గాయి. తర్వాత వచ్చిన డాక్టరుగారిని తప్పుపట్టను. పగలంతా ఓ.పి., మీటింగులు, మధ్యలో పోస్టుమార్టం డ్యూటీ, వీటి తర్వాత రాత్రి ఫోను కూడా చూడమంటే ఎవరైనా ఎంతకాలం చూస్తారు? మంచితనం మీద నడిచేది బదిలీతో ఆగిపోతుంది.

అందుకే అధికారులకు నా విన్నపం ఇది. ఆశాల ప్రశ్నలకు జవాబివ్వడాన్ని డ్యూటీగా రాయండి. జిల్లాకు ఇద్దరు ముగ్గురు డాక్టర్లను వంతులవారీగా కూర్చోబెట్టి, ఆ గంటలకు డబ్బివ్వండి. ఆశా ఫోను రీచార్జి ఆమె గౌరవ వేతనంలోంచి కాకుండా మీరే కట్టండి. కొత్త యాప్ తెచ్చిన రోజే ఒక పాత రిజిస్టరు మూసేయండి.

ఇది చదివే తెలుగు డాక్టర్లలో కొందరైనా ఏడాదికోసారి సొంతూరు వచ్చి మెడికల్ క్యాంపు పెట్టేవాళ్లు ఉంటారు. అమెరికా నుంచి, ఇంగ్లండు నుంచి వచ్చి ఆ ఒక్క రోజూ ఎంత కష్టపడతారో నేను దగ్గరుండి చూశాను. ఆ క్యాంపుతో పాటు వారానికి ఒక గంట ఇవ్వండి. మందు రాయడం ఇక్కడ రిజిస్టరైన పి.హెచ్.సి. డాక్టరు చూసుకుంటారు. మీరు ఆ డాక్టరుతో, ఏ.ఎన్.ఎం.లతో, ఆశాలతో కూర్చుని ఆ వారం వాళ్లకు అంతుపట్టని కేసు ఏదో అడగండి, మీకు తెలిసింది తెలుగులో చెప్పండి. ముందుగా పి.హెచ్.సి.లో ఏ మందులు ఉంటాయో జాబితా తెప్పించుకోండి, లేని మందు గురించి చెప్పి ప్రయోజనం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మీ జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి.